కొన్న బండి, కుదిరిన బండి

దూరప్రయాణములకని కొన్న క్రొత్త మోటారుసైకిలు తాళపుచెవి చేతికి వచ్చిననాడే మనది కాదు. సీటు మొదలు స్ప్రాకెట్టు వరకు దానిని మన దేహమునకును మన దారులకును అమర్చుకొను ఓపికలో, వ్రేళ్లకంటిన చెయిన్ నూనెలో, ఆ స్వాధీనత కొంచెము కొంచెముగా సిద్ధించును.

ఆదివారము తెల్లవారుజామున హైదరాబాదు దక్షిణపు పొలిమేర దాటి శ్రీశైలము దారి పట్టు మోటారుసైకిళ్లను, రోడ్డుప్రక్క టీకొట్టు బల్లపై కూర్చుండి ఒక గంటసేపు పరికించినచో, వానిలో రెండు తెగలు కలవని ఇట్టే తెలిసిపోవును. ఒక తెగ బండ్లకు ఇరుప్రక్కల అల్యూమినియము పెట్టెలు, వెనుక మరియొక పెట్టె, ముందు నాలుగు దీపములు, చుట్టును ఇనుపకమ్ముల కవచము, హేండిలుపై ఫోను, కెమెరా, రెండు రకముల చార్జర్లు; ఇన్ని యుండియు నడపువాడు మాటిమాటికి నడుము విరుచుకొనుచు, ఎడమచేతిని విదిలించుకొనుచు పోవుచుండును. రెండవ తెగకు అలంకారములు స్వల్పము: గీతలుపడిన లెగ్ గార్డు, విప్పి మరల కుట్టించిన సీటు, గుడ్డసంచులు రెండు, చేతికి తగినట్లు వంచుకొన్న బ్రేకు లివరు. కాని ఆ నడపువాని భుజములు వదులుగా నుండును, చూపు దూరముగా నుండును, బండి యొక టున్నదను ధ్యాసయే అతనికి లేనట్లు కనబడును. మొదటివాడు బండిని కొన్నాడు. రెండవవాడు బండితో కుదురుకొన్నాడు. ఈ రెంటి నడుమ నున్న దూర మెంత, దానిని దాటు మార్గమేది యనునదే ఈ కథనమునకు విషయము.

చట్టదృష్టిలో స్వామ్యము ఒక్క దినమున సిద్ధించును. రవాణాశాఖవారు నంబరు కేటాయించి, బీమావారు పాలసీ వ్రాసి, షోరూమువారు పూలదండ వేసి తాళపుచెవి చేతబెట్టగానే బండి మనది. ఆ సంగతి అరచేతులకు, తుంటికి, మోకాళ్లకు, చెవులకు తెలియుటకు మాత్రము నెలలు పట్టును. కొత్త చెప్పు కరచినట్లే కొత్త బండియు కరచును. అది ఎక్కడ కరచుచున్నదో తెలియకముందే మందు కొనుట నేటి వాడుక. బండి వచ్చిన వారములోనే సగము నెలజీతపు సామగ్రి తగిలించి, ఏడాది తిరుగకముందే అందులో సగము విప్పి అటకపైకి చేర్చువారు ప్రతి పట్టణమునను కలరు. సికింద్రాబాదు రాణిగంజ్‌లో నేనెరిగిన ఒక వృద్ధ మెకానిక్కు మాత్రము, కొత్తబండితో వచ్చి జాబితా చదువు యువకులను చూచి చేతులు తుడుచుకొనుచు ఒకే మాట చెప్పును: “ముందు వెయ్యి కిలోమీటర్లు తిప్పుకొని రా బేటా. యాడ నొప్పో నీ ఒళ్లే చెప్తది. అప్పుడు పని జేద్దాం.” దుకాణదారుడై యుండియు బేరము వాయిదా వేయు ఈ మనిషి మాటలోనే దూరప్రయాణ శాస్త్రమంతయు ఇమిడియున్నది.

ప్రయాణమునకు పూర్వము వాహనమును తనకు తగినట్లు సవరించుకొనుట తెలుగువారికి కొత్త విద్య కాదు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పల్లకీతో, బోయీలతో, డేరాలతో, పెద్ద పరివారముతో కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదుల మీదుగా సాగి, 1831 సెప్టెంబరులో గాని తిరిగి రాలేదు. ఆయన కాశీయాత్ర చరిత్రలో దేవాలయముల ప్రసక్తి ఎంత కలదో, బాటల గుణము, మజిలీల దూరము, నీరు, సరుకులు దొరకు తావులు, కూలీల సంగతులు మొదలైన లౌకికవివరములును అంత కలవు. దారి కష్టమును బట్టి సాధనము నిర్ణయించు ఆ వివేకము నేటి ఇనుపగుఱ్ఱమునకును చెల్లును.

రింగులు, టైర్లు, మనిషి

మన దేశమున దూరప్రయాణపు బండి యనగానే చాలమందికి స్ఫురించు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌నే ఉదాహరణముగా గైకొందము. 2016లో వచ్చిన మొదటి హిమాలయన్‌కు 411 సి.సి. ఒంటి సిలిండరు ఇంజను, 21 అంగుళముల ముందుచక్రము, 17 అంగుళముల వెనుకచక్రము, 15 లీటర్ల ట్యాంకు, నేలనుండి 800 మిల్లీమీటర్ల ఎత్తున సీటు. బరువు రెండువందల కిలోలకు కొంచెము తక్కువ. 2023లో వచ్చిన దాని వారసునికి 452 సి.సి. ద్రవశీతల ఇంజను, ఆరు గేర్లు, 17 లీటర్ల ట్యాంకు. ఈ కొలతలన్నియు ఒక సగటు మనుష్యుని ఊహించి నిర్ణయింపబడినవి. ఆ సగటు మనుష్యుడు ఏ యూరిలోను కాపురముండడు. అయిదడుగుల నాలుగంగుళముల యువతియు, ఆరడుగుల వస్తాదును అదే సీటు నెక్కి, అదే హేండిలు నందుకొందురు. కావున అమరిక యనునది తయారీదారుడు చేయక విడిచిన పని కాదు, చేయజాలని పని.

ఆ అమరిక ఇంజను లోపలనే మొదలగును. కొత్త సిలిండరు గోడపై సానపట్టినప్పుడు ఏర్పడిన అతిసూక్ష్మములైన అడ్డగీతలుండును. పిస్టను రింగులు ఆ గీతల మొనలను అరగదీయుచు, తామును అరుగుచు, గోడకు బిగువుగా ఒదుగుటయే రన్నింగ్ ఇన్ అనబడు ప్రక్రియ. ఈ ఒదుగుబాటునకు ఇంజనుపై కొంత భారము పడవలెను, అతిభారము పడరాదు. అందుచేత తొలిరోజులలో ఒకే వేగమున గంటలకొలది పోవక, థ్రాటిలును కొసవరకు త్రిప్పక, పెద్దగేరులో ఇంజను మూలుగునట్లు ఈడ్వక, వేగమును పెంచుచు తగ్గించుచు నడుపవలెను. ఈ కంపెనీ బండ్లకు 500 కిలోమీటర్ల దగ్గర చేయు మొదటి సర్వీసులో ఇంజను నూనె మార్చుట ఉత్త ఆచారము కాదు. ఆ నూనెలో అరిగిన లోహపు రజను కలిసియుండును. మోటారుసైకిలు క్లచ్ పలకలు సాధారణముగా ఇంజను నూనెలోనే మునిగి తిరుగును గనుక, కార్లకై తయారైన నూనె ఇందులో పోసినచో క్లచ్ జారు ప్రమాదము కలదు. డబ్బాపై ‘జాసో ఎం.ఎ.’ లేక ‘ఎం.ఎ.2’ అను ముద్ర యున్నదో లేదో చూచి కొనవలెను.

కొత్తదనము ఇంజనుకే పరిమితము కాదు. నునుపుగా నున్న కొత్త టైరు పైపొర అరిగి గరుకుదేలువరకు మలుపులలో పూర్తి పట్టు దొరకదు. బ్రేకు ప్యాడ్లు డిస్కుతో ఒరసికొని ఒదుగువరకు పూర్తి బలముతో ఆపవు. నడపువాడును అట్లే. క్లచ్ ఎక్కడ అందుకొనునో, వెనుకబ్రేకు ఎంత త్రొక్కిన ఎ.బి.ఎస్. పాదముక్రింద అదరునో, సైడ్ స్టాండుపై వాల్చినప్పుడు బరువు ఎటు మొగ్గునో దేహమునకు పట్టుబడవలెను. ఈ నాలుగు ఒదుగుబాట్లును ఒకే కాలమున జరుగుట ఒక సదుపాయము. బండి తొందరపడవద్దన్న రోజులలోనే మనిషికిని నేర్చుకొను తీరిక చిక్కును.

పూర్వము ఈ తీరిక అడుగకుండనే దొరకెడిది. 1955లో మద్రాసు మోటార్సువారు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డుతో కలిసి స్థాపించిన ఎన్‌ఫీల్డ్ ఇండియా నుండి వెలువడిన బుల్లెట్టు, యజమానిని శిష్యుని జేసికొని గాని కదిలెడిది కాదు. అమ్మీటరు ముల్లు చూచి పిస్టను స్థానము గుర్తించి, డీకంప్రెషను లివరు నొక్కి, కిక్కు కొట్టుట ఒక విద్య. కాంటాక్టు పాయింట్ల సందును కొలిచి సరిచేయుట మరియొక విద్య. నేటి బండి బొటనవ్రేలితో మీట నొక్కగానే మేల్కొనును. గాలి పలుచబడు 17,582 అడుగుల ఖర్దుంగ్ లా కనుమపై కార్బురేటరు బండికి పెట్రోలు పాలు ఎక్కువై నల్లపొగ క్రక్కవచ్చునుగాని, ఫ్యూయల్ ఇంజెక్షను బండి తన సెన్సారుల మాట విని పాలు తానే సరిచేసికొనును. ఈ సౌకర్యము గొప్పది. కాని యజమానిని ఏ పరీక్షకును పెట్టని బండితో పరిచయము దానంతట అది కలుగదు. మనమే పూని కలిగించుకొనవలెను.

పైకము లేని పనులు

ఆ పూనికకు తొలిమెట్టు ఏమియు కొనకుండ చేయదగిన సవరింపులు. బండితో వచ్చిన చేపుస్తకము, పరికరముల సంచి, ఒక టేపు, టైరులో గాలి కొలుచు చిన్న గేజి చాలును. మొదట లివర్లు. సీటుపై సహజముగా కూర్చుండి చేతులు చాచినప్పుడు ముంజేయి, మణికట్టు, లివరుపై నుంచిన వ్రేళ్లు ఒకే సరళరేఖలో నుండవలెను. లివరు క్లాంపు బోల్టులను వదులుచేసి కొంచెము క్రిందికో మీదికో త్రిప్పి బిగించుట పది నిమిషముల పని. దీనితోనే మణికట్టు తిమ్మిరి తగ్గినవారు పెక్కురు. క్లచ్ వైరునకు లివరు మొదట రెండు మూడు మిల్లీమీటర్ల వదులుండవలెను. అది లేనిచో పలకలు ఎల్లప్పుడును కొంచెము జారుచు కాలును. అతిగా నున్నచో గేర్లు మొరాయించును. గేరు పెడలు ఎత్తు చెప్పులకు కుదిరినట్లు బూట్లకు కుదురదు గనుక, ప్రయాణమున తొడుగు బూట్లతోనే దానిని సరిచూడవలెను.

రెండవది వెనుక స్ప్రింగు బిగువు. బండిపై మనిషి కూర్చున్నప్పుడు సస్పెన్షను తన మొత్తము కదలికలో ఇంచుమించు మూడవవంతు క్రుంగవలెనని నియమము. మొదటి హిమాలయన్ వెనుక సస్పెన్షను కదలిక 180 మిల్లీమీటర్లు గనుక, సుమారు 60 మిల్లీమీటర్ల క్రుంగుబాటు తగినది. వెనుకచక్రమును నేలనుండి ఎత్తి ఇరుసునుండి సీటుక్రింది ఒక గురుతు వరకు కొలిచి, పిదప ప్రయాణపు దుస్తులతో బండిపై కూర్చుండి మరియొకరిచేత కొలిపించినచో, ఆ రెండు కొలతల వ్యత్యాసమే క్రుంగుబాటు. ఎక్కువైనచో స్ప్రింగు పైనున్న గాడికట్టును బిగింపవలెను, తక్కువైనచో వదులు చేయవలెను. సామాను, వెనుక మనిషి చేరినప్పుడు ఈ లెక్క మరల చూడకపోయినచో బండి వెనుకకు వాలును. వెనుకకు వాలిన బండి హెడ్‌లైటు ఎదుటివాని కన్నులలో పొడుచును, ముందుచక్రము మలుపులలో తేలికయై బద్ధకించును. ‘బండి తిన్నగా పోవుట లేదు’ అని ఖరీదైన షాకబ్జార్బరు కొనబోవువారిలో కొందరికి కావలసినది ఈ గాడికట్టునకు రెండు మెట్ల బిగింపు మాత్రమే.

మూడవది గాలి. టైరు చల్లగా నున్నప్పుడు, అనగా ప్రయాణమునకు ముందే, కొలువవలెను; ఎండలో నడచి వేడెక్కిన టైరులో పీడనము పెరిగి తప్పులెక్క చూపును. ఒంటరి ప్రయాణమునకు ఒక కొలత, వెనుక మనిషితో మరియొక కొలత చేపుస్తకమున నిచ్చియుందురు.

నాలుగవది చెయిన్, ఈ నాలుగింటిలో అధికముగా నిర్లక్ష్యమునకు గురియగునది. క్రింది వరుస నడుమ వ్రేలితో పైకిని క్రిందికిని ఆడించినప్పుడు చేపుస్తకము చెప్పినంత వదులు, చెయిన్ మిక్కిలి బిగువుగా నున్న చోట కనబడవలెను. పొడవైన సస్పెన్షను గల బండ్లకు ఈ వదులు ఊరిబండ్లకంటె హెచ్చుగా నుండుట చూచి బిగించివేయువారు కలరు. చక్రము గుంతలో పైకి లేచినప్పుడు స్ప్రాకెట్ల నడుమ దూరము పెరుగును. అప్పటికై దాచిన వదులును మనము హరించినచో, ఆ లాగుడు గేరుబాక్సు బేరింగుపై పడును. చెయిన్ లింకులలో గ్రీసును బంధించియుంచు సన్నని రబ్బరు వలయములుండును గనుక పెట్రోలుతో కడుగరాదు. కిరోసినుతో తుడిచి, నడచివచ్చి వెచ్చగా నున్నప్పుడు లోపలివైపున నూనె పట్టించినచో అది లింకులలోనికి చక్కగా ఇంకును.

దేహము చెప్పిన పిదప

ఇంతవరకు జేబులో చేయి పెట్టలేదు. ఈ సవరింపులన్నియు చేసి కొన్ని దూరప్రయాణములు సాగించిన తరువాతను ఏ నొప్పి మిగిలెనో, దానికే మార్పు కావలెను.

సామాన్యముగా మొదట ఫిర్యాదు చేయునది తుంటి. ఊరిలో మెత్తగా తోచిన సీటు రెండుగంటల ప్రయాణము పిదప రాయివలె తోచుటకు కారణము గట్టిదనము కాదు, మెత్తదనమే. పలుచని నురుగు బరువునకు పూర్తిగా అణగి, ఎముక అడుగు పలకను తాకును. కావున గట్టి నురుగును పరచి, తొడలకు ఆనుబడి కలుగునట్లు వెడల్పు చేయించుట మేలు. ప్రతి పట్టణమునను బస్సుసీట్లు, సోఫాలు కుట్టు పనివారు కలరు. కూర్చుండబెట్టి, గుర్తులు పెట్టి, కోసి, మరల కూర్చుండబెట్టి చూచు పనివాని సీటు, పెట్టెలో వచ్చిన ఖరీదైన సీటుకంటె సుఖమిచ్చుట తరచుగా కనబడును. పొట్టివారు కాళ్లు నేలకానుటకై నురుగు కోయించుకొందురు. అట్లు కోసినంత మేర మోకాలు మరింత ముడుచుకొనును గనుక, దూరప్రయాణమున ఆ నొప్పి మోకాలికి మారును. ఒక కీలు సుఖమునకు మరియొక కీలు మూల్యము చెల్లింపకుండ చూచుటయే ఈ విద్యలోని నేర్పు.

తరువాతది గాలిపలక. ఇది ఎత్తైనకొలది మేలని తలచుట సహజము. కాని పలక అంచునుండి విరిగిన గాలి సుడులై సరిగా హెల్మెట్టును తాకినచో, పలక లేనినాటికంటె రొద హెచ్చును, మెడ అలయును. నిర్మానుష్యమైన తిన్నని రోడ్డుపై నడుచునప్పుడు నడుమును కొంచెము నిటారు చేసియు, కొంచెము వంచియు వినవలెను. నిటారైనప్పుడు రొద తగ్గినచో పలక పొట్టిది కావలెను. వంగినప్పుడు తగ్గినచో పొడవైనది కావలెను. రెండు మూడు సెంటీమీటర్ల తేడాయే చాలును. హేండిలును ఎత్తుచేయు రైజర్లు వేసినప్పుడు, హేండిలును ఆ కొసనుండి ఈ కొసవరకు త్రిప్పి, క్లచ్ వైరు గాని బ్రేకు గొట్టము గాని బిగుసుకొనుట లేదని నిశ్చయించుకొనక రోడ్డెక్కరాదు.

సామాను విషయమున సూత్ర మొకటే: బరువు క్రిందను, ముందునకు, తేలిక పైన, వెనుకకు. వెనుక ఇరుసు దాటి వ్రేలాడు బరువు తులాదండము వలె పనిచేసి ముందుచక్రముపై భారమును తగ్గించును. కావున పానాలు, నీరు, విడిభాగములు సీటునకు దగ్గరగా అడుగున నుండవలెను; బట్టలు, పడకసంచి పైపెట్టెలో నుండవచ్చును. అల్యూమినియము పెట్టెలకు తాళము కలదు, గట్టిదనము కలదు. కాని బండి ప్రక్కకు ఒరిగినప్పుడు పాదము దానిక్రింద చిక్కు ప్రమాదమును కలదు. గుడ్డసంచి చినిగినను కాలు విరువదు. అడవిదారులు, మట్టిబాటలు త్రొక్కువానికి గుడ్డసంచి, హోటళ్ల ముంగిట నిలుపువానికి పెట్టె యని స్థూలముగా చెప్పవచ్చును.

దీపములు తగిలించుకొనుటలో వెలుగుకంటె తీగల పనితనము ముఖ్యము. ఒక్కొక్కటి 20 వాట్ల దీపములు రెండు వెలిగించినచో 12 వోల్టులపై మూడు ఆంపియర్లకు పైచిలుకు ప్రవహించును. ఆ ప్రవాహమును హేండిలుపై నున్న చిన్న మీటగుండ పోనీయక, రిలే అమర్చి, బ్యాటరీ ధనధ్రువమునకు సమీపముననే తగిన ఫ్యూజు ఉంచవలెను. కంపెనీ తీగలను కోసి ముడివేసి టేపు చుట్టిన పని ఎండకాలమంతయు బాగుగనే యుండి తొలివానలో మోసగించును. లంబసింగి మంచులో తెల్లని వెలుగు గోడవలె ఎదురు తిరుగును. క్రిందికి వంచిన పసుపుదీపము అచట ఉపకరించును.

చట్టము గీసిన గీత

మార్పులకు హద్దు దేహమొక్కటే నిర్ణయింపదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు తొలుత నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని శాసించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. ఆ సంవత్సరమే వచ్చిన సవరణవలన, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. సీటు కుట్టించుకొనుటయు సంచులు కట్టుకొనుటయు ఒక సంగతి. సైలెన్సరు మార్చి వీధిని నిద్రలేపుట మరియొక సంగతి. రొద పెంచిన బండి దూరప్రయాణమునకు మరింత అనర్హము కూడ. ఆరుగంటలు ఆ మ్రోతను వినవలసినది దారినపోవువారు కాదు, నడపువాడే.

మరమ్మతు నేర్పు పాఠము

మార్పు మన కోరికనుబట్టి జరుగును. మరమ్మతు బండి కోరికనుబట్టి జరుగును. అందుచేతనే ఎక్కువ నేర్పునది మరమ్మతు. ఒంటి సిలిండరు ఇంజను కంపనమువలన బోల్టులు మెల్లమెల్లగా వదులగును. కొత్తగా తగిలించిన ప్రతి సామాను బోల్టునకును, దానిక్రింది పలకకును కలిపి రంగుతో ఒక గీత గీసినచో, మరునాటి ఉదయము ఆ గీత విరిగినదేమో కంటితోనే చూడవచ్చును. లెగ్ గార్డు, పెట్టెల చట్రము, అద్దములు తొలి ప్రయాణముననే ఈ పరీక్షలో పట్టుబడును.

పంచరు మరియొక గురువు. కమ్మీల చక్రములలో ట్యూబున్న టైరు కలిగిన బండికి, బయటనుండి రబ్బరు పీచు దూర్చి పని ముగించుటకు వీలులేదు. చక్రము విప్పి, ఎ.బి.ఎస్. సెన్సారు తీగ తెగకుండ ప్రక్కకు తీసి, టైరు అంచును త్రొక్కి వదిలించి, ట్యూబు బయటికి లాగి, అతుకు వేయవలెను. అతుకు వేయుటకు ముందు టైరు లోపలి భాగమును వెదకి, తుమ్మముల్లు మొన అందే మిగిలియున్నదేమో చూడకపోయినచో, ఎక్కించిన టైరు ఊరి పొలిమేర దాటకముందే మరల కూలబడును. నూతన హిమాలయన్‌కు కమ్మీల చక్రములలోనే ట్యూబులేని టైర్లను తయారీదారు అందించుట ఈ శ్రమను గుర్తించియే. ఏ బండియైనను, ఒకసారి ఇంటి వాకిట తీరికగా చక్రము విప్పి ఎక్కించినవాడు అడవిలో తొట్రుపడడు.

ముందు ఫోర్కును బండి చట్రముతో కలుపు చోట నున్న బేరింగులను మన మెకానిక్కులు కోన్‌సెట్ అందురు. ముందుచక్రమును నేలనుండి లేపి ఫోర్కును ముందునకు వెనుకకు లాగినప్పుడు ‘టక్కు’ మన్నచో అది వదులైనది. హేండిలు నడుమకు వచ్చినప్పుడు మెట్టులో పడినట్లు ఆగినచో అరిగినది. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొని, ఘాటురోడ్డుపై వేడెక్కినప్పుడు బుడగలు కట్టి, లివరును మెత్తబరచును. రెండేండ్లకొకసారి మార్చుట విధి. స్ప్రాకెట్టు పండ్లు కొక్కెములవలె వంగినచో చెయిన్‌తో సహా రెండు స్ప్రాకెట్లను కలిపియే మార్చవలెను, ఏలయన పాత పండ్లు కొత్త చెయిన్‌ను త్వరలోనే పాడుచేయును. ఈ లక్షణములు తెలిసిన యజమాని విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కు ఎదుట నిలిచినప్పుడు ‘ఏదో శబ్దం వస్తోంది’ అనడు; ఏ వేగమున, ఏ గేరులో, ఎటువైపునుండి అని చెప్పును. రోగి తన బాధను స్పష్టముగా చెప్పగలిగిననాడు వైద్యునకు సగము పని తగ్గును.

రాబర్ట్ పిర్సిగ్ అను అమెరికా రచయిత 1974లో ప్రకటించిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ అను గ్రంథమున ఒక ప్రసంగము కలదు. మిత్రుని బి.ఎం.డబ్ల్యు. బండి హేండిలు జారుచుండగా, కథకుడు పారవేసిన బీరుడబ్బా రేకును సన్నని పట్టీగా కోసి అందులో దూర్చుదమనును. మిత్రుడు చిన్నబుచ్చుకొని ఒప్పుకొనడు. లోహగుణమును బట్టి చూచినచో ఆ రేకు తుప్పుపట్టనిది, మెత్తనిది, ఆ పనికి మిక్కిలి తగినది. కథకుడు వస్తువుయొక్క గుణమును చూచెను, మిత్రుడు దాని పుట్టుకను చూచెను. మన రోడ్డుప్రక్క పంచరుషాపులవారెల్లరును జన్మతః మొదటి పక్షమువారే. పాత ట్యూబు ముక్క వారి చేతిలో తీగకు తొడుగగును, సంచికి కట్టగును, అదరు అద్దమునకు దిండగును.

ఘాటురోడ్డు తీర్పు

అమరిక కుదిరినదా లేదా యని తేల్చుటకు మన రెండు రాష్ట్రములలోను చక్కని న్యాయస్థానములు కలవు. శ్రీశైలము దారిలో మన్ననూరు దాటిన పిదప అమ్రాబాదు పులుల అభయారణ్యము. రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆరువరకు ఆ మార్గము మూసియుండును గనుక వేళ తప్పరాదు. అచట అడవి నడుమ సాగు తిన్నని దారి సీటును, గాలిపలకను విచారించును. దోమలపెంట దాటి కృష్ణవైపు దిగు మలుపులు బ్రేకులను, స్ప్రింగు బిగువును విచారించును. విశాఖపట్టణమునుండి అరకుకు అనంతగిరి కాఫీతోటల మీదుగా ఎక్కునప్పుడు క్లచ్ వైరు వదులు ఎంతో చేతికి తెలియును. మారేడుమిల్లినుండి చింతూరు వైపు దిగు ఘాటులో, వాన వెలిసిన పూట, టైరు గాలి నిజము చెప్పును. ప్రయాణము ముగియగానే స్నానమునకు పోకముందే ఒక కాగితముపై ఏది నొచ్చెనో, ఏది మ్రోగెనో, ఏది ఒకసారియు వాడబడలేదో వ్రాసికొనుట మంచిది. మూడవ వరుసలోనివి మరుసటి ప్రయాణమునకు రానక్కరలేదు. కుదిరిన బండికి సామాను తక్కువగా కనబడుటకు కారణము యజమాని కొనకపోవుట కాదు, విప్పివేయుటయే.

అమ్ముడుపోని భాగము

ఇట్లు కుదిరిన బండిని కొన్నేండ్లకు అమ్మజూపినప్పుడు ఒక వింత బయటపడును. కొలిచి కుట్టించిన సీటునకు, వెదకి తెచ్చిన గాలిపలకకు, ఓపికతో పరచిన తీగలకు కొనవచ్చినవాడు ఒక్క రూపాయియు అదనముగా ఈయడు. పైపెచ్చు, “ఇవన్నీ వద్దన్నా, కంపెనీ సీటు ఉంటే అది వేసి ఇవ్వండి” అనును. అతనిది పిసినారితనము కాదు. ఆ సీటు మరియొకని తుంటికొలత. ఆ పలక మరియొకని మెడయెత్తు. ఆ లివరు వంపు మరియొకని మణికట్టు. అతనికవి ఉపయోగము లేని వస్తువులే గాక, తాను చేయవలసిన పనికి అడ్డములు కూడ. అతడు తన వెయ్యి కిలోమీటర్లు తాను తిరుగవలెను, తన నొప్పులు తాను కనుగొనవలెను.

అమ్మినవానికిని నష్టము లేదు. బండి కుదురుటలో అతడు సంపాదించినది సామాను కాదు. చెవికి పట్టుబడిన శబ్దజ్ఞానము, చేతికి పట్టుబడిన బిగువు, ఏది అక్కరలేదో తేల్చుకొను తెలివి. ఇవి తరువాతి బండికి అతని వెంటనే పోవును, దుకాణమున అతని ఖర్చును సగము తగ్గించును. కాబట్టి కొత్తబండి కొన్నవారికి చెప్పదగిన మాట ఒకటి: విప్పిన కంపెనీ సీటును, అద్దములను, చిన్న బోల్టులతో సహా మొదటినాడే పేరు వ్రాసి మూటగట్టి భద్రపరచుడు. మీ అమరిక మీకే చెల్లును. పైవానికి అమ్మదగినది బండి మాత్రమే.